ఘాటు దిగే బండికి ఎన్ని పళ్ళు

నలభై ఏళ్ళు సాలూరులో లారీల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. మా ఊరి ఆకాశం ఎలా ఉంటుందని అడిగితే తడుముకుంటాను గానీ, బండి హౌసింగ్ అడుగు ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని బొమ్మ గీసిస్తాను. నన్నెవరూ రిటైరు చెయ్యలేదు. మోకాళ్ళే చేశాయి. ఒకరోజు పొద్దున్న బండి కిందికి దూరి మళ్ళీ లేవలేకపోతే, నలుగురు కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. శాలువా లేదు, దండ లేదు, నా గురించి రెండు మంచి ముక్కలు చెప్పినవాడూ లేడు. నా పదవీ విరమణ సభ అంతే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళు నా దగ్గరికొచ్చి, "మేస్త్రీ, పని గురించి ఏదైనా చెప్పండి" అంటారు. చెప్పడం మొదలెట్టగానే ఫోను చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. కాగితానికైతే ఫోను ఉండదు.

గుమ్మడికాయలో ఏముంది

పాత పికప్పు బండి వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనప బుర్ర ఒకటి ఉంటుంది. అదే హౌసింగ్. దాని లోపల పెద్ద పళ్ళచక్రాన్ని క్రౌన్ అంటాం. దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటాం. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు పినియన్ని తిప్పుతుంది, పినియన్ క్రౌన్‌ని తిప్పుతుంది, క్రౌన్ చక్రాల్ని తిప్పుతుంది. పినియన్‌కి ఎనిమిది పళ్ళు, క్రౌన్‌కి నలభై ఒకటి ఉంటే, చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు అయిదు చుట్లు పైచిలుకు తిరగాలి. బండి మెల్లగా నడుస్తుంది, బరువు బాగా లాగుతుంది. పినియన్‌కి తొమ్మిది, క్రౌన్‌కి ముప్పై ఏడు పెడితే షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చాలు. బండి పరుగెడుతుంది, బరువు చూస్తే మాత్రం నీరసపడుతుంది. మా చదువంతా ఇంతే. ఇంత చిన్న చదువుని నలభై ఏళ్ళు చదివి కూడా ఒకసారి ఫెయిలయ్యాను. ఆ సంగతికే వస్తున్నాను.

బండివాళ్ళందరూ అడిగేది ఒకటే. మైలేజీ రావాలి, స్పీడు రావాలి, రెండు టన్నులు వేసుకుని కొండ ఎక్కాలి, ఇంజను గట్టిగా అరవకూడదు. ఇరవై ఏళ్ళ నాటి బండికి ఇవన్నీ ఒకేసారి కావాలి. అల్లుడికి కూడా ఇన్ని గుణాలు ఎవరూ అడగరు. నేను మాత్రం "అలాగే బాబూ" అనేవాణ్ణి. ఆ మాట అనకపోతే పక్క షెడ్డువాడు అంటాడు.

సూరయ్య మేస్త్రి ప్రశ్న

నాకు పని నేర్పినవాడు సూరయ్య మేస్త్రి. ఆయన సింహాద్రి అప్పన్న భక్తుడు, నేను బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాణ్ణి. మా ఇద్దరికీ ఉమ్మడి దేవుడు గేరాయిలు. ఆయన నోరు మంచిది కాదు. స్పానరు తప్పు సైజుది అందిస్తే నా పూర్వీకులందరినీ పేరుపేరునా పలకరించేవాడు. మెచ్చుకోవడం ఆయన ఒంటికి పడదు. నేను మొదటిసారి సొంతంగా క్రౌన్ బిగించి, పళ్ళు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలియడానికి వాటికి రంగు రాసి, ముద్ర సరిగ్గా మధ్యలో పడిందని చూపిస్తే, "రంగు బాగున్నాది" అన్నాడు. అంతకు మించిన బిరుదు నాకు ఈ జన్మలో రాలేదు.

ఎవరైనా క్రౌన్ మార్చమని వస్తే ఆయన బండి వైపు చూసేవాడు కాదు. బీడీ ఆర్పి ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"ఏ రోడ్డు మీంచి కిందకి దిగుతాది నీ బండి? ఎంత బరువుతో దిగుతాది?"

వాళ్ళు ఎక్కడం గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఎక్కలేకపోతే ఆగిపోద్ది. ఆగిపోతే నలుగురు నవ్వుతారు, అంతే గదా. దిగినప్పుడు ఆగకపోతే ఏటి సేస్తావు?"

నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి. బండి లాగడానికి పళ్ళు కావాలి గానీ దొర్లడానికి పళ్ళెందుకు అనుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో ప్రపంచంలో తెలియనిదంటూ ఉండదు.

రెండున్నర కనిపెట్టిన ఇంజనీరు

నా తప్పు చెప్పుకునే ముందు వేరేవాడి తప్పు ఒకటి చెప్పుకుంటే మనసు తేలికవుతుంది.

గజపతినగరం నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్. షెడ్డులో ఉన్న పికప్పు హౌసింగ్ విప్పకుండానే అందులో ఏ సెట్టు, అంటే ఏ క్రౌన్-పినియన్ జత ఉందో చెబుతానన్నాడు. ఆ పద్ధతి ఉంది, మేమూ చేస్తాం. షాఫ్టు మీద, టైరు మీద సుద్ద గీత గీసి, చక్రం ఒక చుట్టు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. అతను ఒక్క చక్రానికే జాకీ పెట్టి లేపాడు. తిప్పాడు. ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. "టూ పాయింట్ ఫైవ్" అన్నాడు.

అలాంటి సెట్టు ఈ పికప్పుల్లో ఉండదు. ఒక చక్రం నేల మీద ఆగి ఉంటే రెండో చక్రం రెట్టింపు తిరుగుతుంది, కాబట్టి లెక్కలో సగమే కనిపిస్తుంది. రెండు చక్రాలూ లేపి సమంగా తిప్పాలి, లేదా ఒకటే లేపితే రెండు చుట్లు తిప్పాలి. నేను మెల్లగా, "బాబూ, రెండో చక్రాన్ని కూడా ఒక మాట అడిగి చూడండి" అన్నాను. అతనికి కోపం వచ్చింది. రెండో జాకీ పెట్టాక కోపం తగ్గింది. ఆ రోజంతా నేను షెడ్డులో కాలరెత్తుకుని తిరిగాను. సగం లెక్క చూసి సంబరపడే పని తర్వాత నేనే చేస్తానని అప్పుడు తెలియదు.

పైడినాయుడు, లచ్చమ్మ

పైడినాయుడిది సొంత పికప్పు, ఎనిమిది-నలభై ఒకటి సెట్టు. సాలూరు నుంచి ఉల్లిపాయలు, ఎండుచేపలు వేసుకుని ఒడిశా వైపు కొండదారి, మేం ఘాటు అంటాం, అదెక్కి, సంతలో అమ్మి, అక్కడి అల్లం బస్తాలు వేసుకుని దిగేవాడు. బండి అతను నడిపితే వ్యాపారం భార్య లచ్చమ్మ నడిపేది. అల్లం కొమ్ము విరిచి వాసన చూసి, అది ఏ కొండదో చెప్పేసేది. ఎడమ సీటు ఆవిడది. నన్ను అన్నయ్యా అని పిలిచేది, అతను ఆ వరసన బావా అనేవాడు. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళు.

భోగాపురంలో విమానాశ్రయం వస్తుందనగానే భూముల ధరలకే కాదు, మా సాలూరు బండ్లకీ రెక్కలు మొలిచాయి. హైవే మీద మట్టి, కంకర తోలకాలు బోలెడు ఉంటాయని, చదును రోడ్డని, డ్రైవర్లందరూ మీసాలు దువ్వారు. విమానం మాట అలా ఉంచి, అప్పటికి అక్కడ కొత్తగా ఎగిరింది కొంగలే. పైడినాయుడు కూడా ఒకరోజు పొద్దున్నే వచ్చాడు.

"బావా, స్పీడు సెట్టు ఎయ్యి. హైవేలో ఎవుడూ నన్ను దాటకూడదు."

"మరి ఘాటో?"

"ఘాటేటి ఘాటు. ఇంక నాను కొండెక్కుతానేటి? బోగాపురంలోనే ఉంటాను."

లచ్చమ్మ పక్కనుంచి, "ఆ పని వొచ్చినప్పుడు గదా. రానంతకాలం సంతకెల్లాలి గదా అన్నయ్యా?" అంది.

నేను వినిపించుకున్నాను. వినిపించుకుని, "ఏం పర్వాలేదమ్మా, ఎక్కేస్తాది" అన్నాను. ఎక్కేస్తుందన్నాను. దిగడం మాట ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. సూరయ్య మేస్త్రి పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆయన ప్రశ్ననీ ఆయనతోనే పంపించేశాను.

తొమ్మిది-ముప్పై ఏడు సెట్టు బిగించాను. పని మాత్రం అద్దంలా చేశాను. చప్పుడు లేదు, కారడం లేదు. తప్పు పనిని ఎంత నీటుగా చెయ్యొచ్చో చూడాలంటే ఆ హౌసింగ్ చూపించాలి.

మీటరు చెప్పే అబద్ధం

కొన్ని వారాలయ్యాక పైడినాయుడు ముఖం ముడుచుకుని వచ్చాడు. "బావా, మైలేజీ పెరుగుతాదన్నావు. తగ్గిపోనాది. మోసం సేసినావేటి?"

నా పనితనాన్నే శంకిస్తాడా అని నాకు రోషం పొడుచుకొచ్చింది. షెడ్డులో ఉన్న వాళ్ళందరికీ వినబడేలా పాఠం చెప్పాను. మీటరు తీగ గేరు పెట్టె నుంచి వస్తుంది. వెనక క్రౌన్ మార్చినట్టు దానికి తెలియదు, అది పాత లెక్కే చెబుతుంది. బండి నిజంగా యాభై మీద పోతుంటే మీటరు నలభై అంటుంది. యాభై కిలోమీటర్లు తిరిగితే నలభై అని రాస్తుంది. కాబట్టి మైలేజీ తగ్గలేదు, మీటరు తగ్గించి చెబుతోంది.

అందరూ "అబ్బో" అన్నారు. పైడినాయుడు ముఖం వెలిగిపోయింది. "అయితే నా బండి మీటరు కన్నా బేగి ఎల్తన్నాదన్నమాట!"

"అదే మరి" అన్నాను, గర్వంగా.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అదే మాట ఇంకొక్క అడుగు ముందుకి వేస్తే, "కాబట్టి ఘాటులో మీటరు నమ్మకు, కింద గేరులో దిగు" అని వచ్చేది. ఆ ఒక్క అడుగు నేను వెయ్యలేదు. నా పేరు కాపాడుకోవడానికి గుర్తొచ్చిన లెక్క, వాళ్ళిద్దరి ప్రాణాలు కాపాడటానికి గుర్తు రాలేదు. టీ తెప్పించుకుని తాగాను.

ఎక్కిన గేరులోనే దిగాలి

మా సాలూరు డ్రైవర్లకి ఒక కట్టుబాటు ఉంది. ఘాటు ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. తాతల నాటి మాట. నిజంగా మంచి మాట. ఎక్కేటప్పుడూ బరువే, దిగేటప్పుడూ బరువే ఉన్న రోజుల్లో పుట్టింది. ఇంజనే బండిని పట్టుకుని దింపుతుంది, బ్రేకుకి పెద్ద పని ఉండదు.

భోగాపురం పని రాలేదు. పైడినాయుడు మళ్ళీ సంతకి బయల్దేరాడు. హైవే ఆశల్లో పడి ఆ వారం ఉల్లి, ఎండుచేపలు కొనలేదు, కాబట్టి ఖాళీగా ఎక్కాడు. ఖాళీ బండి కాబట్టి కొత్త సెట్టుతో కూడా థర్డు గేరులో ఎక్కేసింది. పైన అల్లం బస్తాలు కప్పుదాకా వేసుకుని, కట్టుబాటు ప్రకారం అదే థర్డులో దిగాడు. పాత సెట్టు ఉన్నప్పుడు ఆ థర్డు బండిని మెడ పట్టి ఆపేది. కొత్త సెట్టుతో పేరుకే థర్డు, పట్టు సగంలో సగం పోయింది. మీటరు చూశాడు. నలభై అంది. నలభైకి భయమెందుకు అనుకున్నాడు. పోతున్నది యాభై.

సగం ఘాటు దిగేసరికి బ్రేకు షూలు కాలిన వాసన. ఇంకో రెండు మలుపులకి పెడలు నేలకి ఆనింది. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ. పైడినాయుడికి ఆ క్షణంలో వచ్చిన తెలివి నాకు నలభై ఏళ్ళలో రాలేదు. బండిని కొండ వైపు కాలవలోకి తోసేశాడు. పక్కకి ఒరిగి, రాళ్ళకి రాసుకుంటూ ఆగింది. అల్లం రోడ్డంతా పరుచుకుంది. లచ్చమ్మకి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. అతనికి ముందు పళ్ళు రెండు పోయాయి.

నాలుగు రోజులు

కబురు రాగానే షెడ్డులో అందరూ తీర్పు చెప్పేశారు. బ్రేకు పోయింది కాబట్టి తప్పు బ్రేకు మేస్త్రిది. మా పక్క షెడ్డు సింహాచలం నెల క్రితమే ఆ బండికి కొత్త షూలు వేశాడు. రోడ్డున పోయేవాడల్లా అతన్ని తిట్టాడు. "నాను సరిగ్గానే ఏసినాను, నా పిల్లల మీద ఒట్టు" అని ఏడ్చినంత పని చేశాడు.

నాకు మొదటి గంటలోనే తెలిసిపోయింది. సూరయ్య మేస్త్రి బీడీ ఆర్పి నా ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అయినా నోరు విప్పలేదు. నాలుగు రోజులు. మధ్యలో చర్చికి కూడా వెళ్ళొచ్చాను, పాట కూడా పాడాను, గొంతు బాగానే పలికింది. నన్ను చూసి "పాపం, దేవదానం మేస్త్రి చేసిన క్రౌన్‌కి గీత కూడా పడలేదట" అని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ మెప్పుని కూడా కాదనకుండా పుచ్చుకున్నాను. నా బతుకులో నేను సిగ్గుపడేది ఆ తప్పు సెట్టుకి కాదు, ఆ నాలుగు రోజులకి.

అయిదో రోజు సింహాచలం తన షెడ్డు తాళం తీయలేదు. అది చూశాక కాళ్ళు నిలవలేదు. ముందు అతని ఇంటికి వెళ్ళి, అతన్ని వెంటబెట్టుకుని పైడినాయుడి ఇంటికి వెళ్ళాను. లచ్చమ్మ చెయ్యి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. షూల తప్పు లేదని, సెట్టు తప్పని, మీటరు సంగతి తెలిసి కూడా హెచ్చరించలేదని మొత్తం చెప్పాను.

పైడినాయుడు తల దించుకుని, "నానే అడిగినాను గదా బావా, స్పీడు సెట్టు ఎయ్యమని" అన్నాడు.

లచ్చమ్మ ఊరుకోలేదు. "ఆడికేటి తెలుసు? ఆడు డ్రైవరు. సెప్పాల్సినోడివి నువ్వు. నాను అడిగినాను గదా అన్నయ్యా, సంతకెల్లాలి గదా అని. అడిగినానా, లేదా?"

"అడిగావమ్మా."

"మరి?"

కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి సర్దుకుంది.

మళ్ళీ ఆవిడే అంది. "పాత సెట్టు ఉన్నాదేటి?"

ఉంది. ఇంకో బండికి పనికొస్తుందని ఆయిలు డబ్బాలో దాచాను.

"అదే ఎయ్యి. ఏసి, బరువుతో దిగినప్పుడు నా సీట్లో నువ్వు కూకో. నాను బస్సుకొస్తాను."

ఎడమ సీటు

బండి బాగు చేయడానికి రెండు నెలలు పట్టింది. బ్రేకులు సింహాచలమే చేశాడు. నేను అతని దగ్గర కూర్చుని ప్రతి బోల్టూ అందించాను. అతను నా ముఖం వైపు చూడకుండానే చెయ్యి చాపి అందుకున్నాడు. నాకు అది తగిన శిక్షే.

ఘాటు పైన అల్లం బస్తాలు ఎక్కించారు. లచ్చమ్మ కట్టు తీసిన చేత్తోనే బస్తాలు తట్టి చూసి, "ఇంకో నాలుగు ఎయ్యండి" అంది. అవి వ్యాపారం కోసం కావని నాకు తెలుసు.

ఆ ఎడమ సీటులో కూర్చున్నాక తెలిసింది తమ్ముళ్ళూ. బండి కింద పడుకున్నప్పుడు క్రౌన్ అంటే పళ్ళు, రంగు, ముద్ర. ఆ సీటులో స్టీరింగు లేదు, బ్రేకు లేదు, పట్టుకోవడానికి ఒక ఇనప కమ్మీ ఉంది. పక్కనే లోయ. అన్నేళ్ళుగా ఎన్ని వందల మందిని ఆ సీటులో కూర్చోబెట్టి పంపానో అప్పుడు లెక్క మొదలెట్టాను. కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. భయపడ్డాను. మొహమాటం లేకుండా చెబుతున్నాను, చాలా భయపడ్డాను.

పైడినాయుడు థర్డులో దించాడు. ఇంజను గట్టిగా మూలిగింది. ఆ మూలుగు తగ్గించమనే కదా అందరూ నా దగ్గరికొచ్చేది. ఆ రోజు అంతకంటే మంచి చప్పుడు నేను వినలేదు. మలుపు వచ్చింది. కాలవ అంచున రాళ్ళ మీద బండి గీరిన గుర్తులు ఇంకా ఉన్నాయి. అక్కడ అతని కాలు బ్రేకు మీదకి పోలేదు. నేను అతని కాలి వైపే చూస్తున్నాను. అతను నా వైపు చూసి, ముందు పళ్ళు లేని నోటితో, "ఇప్పుడు పట్టుకుంతన్నాది బావా" అన్నాడు.

కింద బస్సు కోసం ఎదురుచూశాం. లచ్చమ్మ దిగింది. బండి వైపు చూడలేదు, నా ముఖం వైపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో గానీ, "సాలు అన్నయ్యా, నీల్లు తాగు" అని తన సీసా ఇచ్చింది.

ఆ రోజు నుంచి మోకాళ్ళు పనిచేసినంతకాలం, నేను క్రౌన్ మార్చిన ఏ బండినైనా దాని రోడ్డు మీద, దాని బరువుతో, ఎడమ సీటులో కూర్చుని ఒకసారి దిగాకే తాళం ఇచ్చాను. ఇచ్చేముందు మీటరు పక్కన, అది ఎంత తగ్గించి చెబుతుందో రంగుతో రాశాను. కొందరు ముసలాడికి చాదస్తమన్నారు. కొందరు సంతలో అల్లం తెచ్చుకోవడానికి ఊరికే బండెక్కుతున్నాడన్నారు. అల్లం కూడా తెచ్చుకున్నాను.

మీ ల్యాప్‌టాప్‌లో చాలా లెక్కలు ఉంటాయి. అన్నీ వాడుకోండి. బండి ఏ రోడ్డు మీంచి ఎంత బరువుతో దిగుతుందో మాత్రం మీ నోటితో అడగండి. సెట్టు బిగించాక తాళం ఇచ్చేముందు వెళ్ళి ఎడమ సీటులో కూర్చోండి. కూర్చోవాలని అనిపించకపోతే, హౌసింగ్ ఆయిలు బోల్టు విప్పి మళ్ళీ మొదలెట్టండి.